ఓపిక, దాపరికం

ఆగడం అనే పని ఒకటే, కానీ దానికి మన భాషలో పేర్లు చాలా ఉన్నాయి. ఓపిక పట్టాడు అంటాం. ఓర్చుకున్నాడు అంటాం. నాన్చాడు అంటాం. దాచిపెట్టుకున్నాడు అంటాం. పక్కనుంచి చూసేవాడికి ఈ నాలుగింటిలోనూ కనబడేది ఒకటే: మనిషి ఏమీ చెయ్యకుండా ఉన్నాడు. మరి ఒకణ్ణి ఓపికమంతుడని మెచ్చుకుని, ఇంకొకణ్ణి పిరికివాడని తీసిపారెయ్యడానికి మన దగ్గరున్న ఆధారం ఏమిటి? ఫలితమా, ఉద్దేశమా, ఇంకేదైనానా?

ఈ ప్రశ్నని గాల్లో పెట్టి తిప్పకుండా ఒక జబ్బుని పట్టుకుని ఆలోచించాలని నా ప్రయత్నం. ఆ జబ్బు నలుగురిలో మాట్లాడుకునేది కాదు. పేరు ప్రియాపిజం. కోరికతో నిమిత్తం లేకుండా అంగస్తంభన వచ్చి, తగ్గకుండా ఉండిపోవడం. నాలుగు గంటలు దాటిందంటే వైద్యులు దాన్ని ఈ పేరుతో పిలుస్తారు. అరుదైన జబ్బే. అరుదైనది కాబట్టే అది వచ్చినవాడు దాని గురించి అంతకుముందు ఎన్నడూ విని ఉండడు. తనకొక్కడికే ప్రపంచంలో ఇలా జరిగిందనుకుంటాడు. నైతిక ప్రశ్న మొదలయ్యేది ఆ ఒంటరితనంలోనే.

ముందు జబ్బు సంగతి కొంచెం తెలుసుకోవాలి. లేకపోతే తర్వాతి వాదన నిలబడదు.

అంగస్తంభన ఒక రకంగా చెరువు లెక్క. లోపల స్పంజిలాంటి రెండు గదులుంటాయి. ధమనులు రక్తాన్ని తెచ్చి నింపుతాయి. గదులు నిండేకొద్దీ రక్తం బయటికి పోయే సిరలు నొక్కుకుపోతాయి. కాసేపటికి వచ్చేది తగ్గుతుంది, పోయేది పెరుగుతుంది, అంతా మామూలవుతుంది. ఈ లెక్క రెండు విధాలుగా తప్పచ్చు. తూము మూసుకుపోయి నీళ్ళు బయటికి పోకపోవడం ఒకటి. పైన కాలవ గట్టు తెగి నీళ్ళు ఆగకుండా వచ్చి పడుతూ ఉండడం రెండోది.

తూము మూసుకుపోయిన రకమే ఎక్కువమందికి వస్తుంది. రక్తం లోపలే నిలిచిపోతుంది. నిలిచిన రక్తంలో ప్రాణవాయువు అయిపోతుంది, కండ చావడం మొదలవుతుంది. అంగం రాయిలా గట్టిగా ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ నొప్పి భరించలేనంతగా పెరుగుతుంది. సికిల్ సెల్ జబ్బు, కొన్ని రక్త క్యాన్సర్లు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు, స్తంభన కోసం నేరుగా అంగంలోకి ఎక్కించుకునే ఇంజెక్షన్లు దీనికి కారణం కావచ్చు. ఒక్కోసారి కారణమే దొరకదు. ఇక్కడ ప్రతి గంటా లెక్కే. సూదితో ఆ నల్లటి రక్తాన్ని తీసేసి, రక్తనాళాలు ముడుచుకునే మందు ఎక్కించాలి. 36 గంటలు దాటితే ఆ మనిషికి స్తంభన మళ్ళీ మామూలుగా వచ్చే ఆశ చాలా తక్కువ.

రెండోది ధమని రకం. కాళ్ళ మధ్య గట్టి దెబ్బ తగిలినప్పుడు వస్తుంది. సైకిల్ కడ్డీ మీద పడినప్పుడు, గోడ దూకబోయి గోడ మీదే కూలబడినప్పుడు, లోపలి ధమని వెనకనున్న ఎముకకు నొక్కుకుని చిరుగుతుంది. చిరిగినచోటునుంచి తాజా రక్తం నేరుగా గదుల్లోకి వచ్చి పడుతూ ఉంటుంది. బయటికి పోయే దారి తెరిచే ఉంటుంది కాబట్టి రక్తం నిలవదు, ప్రాణవాయువు తగ్గదు, కండ చావదు. నొప్పి ఉండదు. పూర్తి గట్టిదనమూ ఉండదు, అలాగని తగ్గనూ తగ్గదు. దెబ్బ తగిలిన రోజున కాకుండా ఒకటి రెండు రోజులు గడిచాక మొదలవడం కూడా ఉంది. 1960లో బర్ట్ అనే అమెరికన్ వైద్యుడూ ఆయన సహచరులూ దెబ్బ వల్ల వచ్చే ఈ రకాన్ని వివరించారు. ఇది అత్యవసరం కాదు. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు దీన్ని నాలుగు వారాల దాకా గమనిస్తూ ఆగమంటాయి. కొందరిలో చిరుగు దానంతటదే పూడుకుంటుంది.

అంటే, రెండింటికీ పేరు ఒకటే. పైకి కనబడే లక్షణమూ దాదాపు ఒకటే. ఒకదానికి ఆగడం విషం, ఇంకోదానికి ఆగడమే మొదటి వైద్యం. ఏది ఏదో తేల్చడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. ఎలా మొదలైంది, నొప్పి ఉందా అని అడగాలి. సన్నని సూదితో కాస్త రక్తం తీసి చూడాలి: నల్లగా ఉందా, ఎర్రగా ఉందా, అందులో ప్రాణవాయువు ఎంత. తర్వాత డాప్లర్ స్కాన్. ఇంతే. కానీ ఇందులో ఏ ఒక్కటి జరగాలన్నా ముందు ఒక పని జరగాలి. వాడు ఎవరో ఒకరికి చెప్పాలి.

*

మదనపల్లె టమాటా మార్కెట్‌లో పనిచేసే ఇరవై నాలుగేళ్ళ కుర్రాణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. ఊహే, ఏ ఒక్కరి కథా కాదు. లోడు ఎక్కిస్తూ లారీ వెనక తలుపు మీద కాలు జారి, దాని అంచు మీద అటొక కాలు ఇటొక కాలుగా పడ్డాడు. కళ్ళు బైర్లు కమ్మినాయి. పక్కనున్నవాళ్ళు నీళ్ళిచ్చారు. కాసేపు కూర్చుని, టీ తాగి, మళ్ళీ పనిలోకి దిగాడు. మూడోరోజు పొద్దున లేచేసరికి మొదలైంది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. తగ్గలేదు. నొప్పి లేదు. ప్యాంటు పక్కనపెట్టి లుంగీ కట్టుకున్నాడు, చొక్కా పొడుగ్గా వదిలాడు, ఒంట్లో బాగలేదని చెప్పి పనికి పోలేదు.

ఎవరికి చెప్పాలి? అమ్మకా? నాయనకా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. స్నేహితులకి చెబితే ఏమంటారో చెప్పకముందే తెలుసు: "నీకేమిరా, అదృష్టవంతుడివి!" నవ్వులు. వారం తిరిగేసరికి మార్కెట్టంతా ఒక కొత్త పేరు పెట్టి పిలుస్తుంది. మందుల షాపుకి పోయి "అన్నా, ఒక మాట" అన్నాడు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. "తలనొప్పి మాత్ర ఒకటియ్యన్నా" అని తీసుకుని వచ్చేశాడు.

చెప్పాలనుకున్నా ఏ మాటతో చెప్పాలి? తెలుగులో ఆ అవయవానికి ఉన్న పదాల్లో సగం సంస్కృతం. వాడు జీవితంలో ఎప్పుడూ నోటితో అనని మాటలు. మిగతా సగం బూతులు. రోజూ అనేవే, కానీ డాక్టరు ముందు అనలేనివి. మధ్యలో, ఒక మామూలు మనిషి తన ఒంటి గురించి మామూలుగా చెప్పుకునే మాట లేదు. అందుకే మన ఆసుపత్రుల్లో మగవాళ్ళు వేలు చూపించి "ఆడ సార్" అంటారు. ఆ "ఆడ" అన్నది నడుం నొప్పి కావచ్చు, గజ్జి కావచ్చు, వరిబీజం కావచ్చు, ఇది కావచ్చు.

ఈ జబ్బుకి వైద్యశాస్త్రం పెట్టిన పేరులోనే నవ్వులాట ఉంది. ప్రియాపస్ గ్రీకుల తోటల దేవుడు. ఎప్పుడూ తగ్గని అంగంతో బొమ్మలు చెక్కి, తోటల్లో దొంగలు రాకుండా నిలబెట్టేవాళ్ళు. పాంపేయి నగరంలో తవ్వకాల్లో బయటపడిన ఒక ధనికుడి ఇంటి గుమ్మం గోడ మీద, తన అంగాన్ని త్రాసులో వేసి తూస్తున్న ప్రియాపస్ బొమ్మ ఉంది. సంపదకి గుర్తు. బాధపడుతున్న మనిషికి ఆ దేవుడి పేరు తగిలించడంలో ఎంత ఎగతాళి ఉందో ఆలోచించండి. మన దగ్గర కూడా అంతే. లేమి సిగ్గుచేటు, అతి హాస్యం. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద అతికించే కాగితాలన్నీ బలహీనతకి మందిస్తామనే చెబుతాయి. తగ్గక బాధపడేవాడి కోసం ఒక దొంగ వైద్యుడి తలుపు కూడా లేదు. పక్కవాళ్ళు అసూయపడే జబ్బు వచ్చినవాడు జాలిని కూడా అడగలేడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ ధమని రకం చిన్నపిల్లలకీ వస్తుంది, సైకిల్ మీదనుంచి పడి. ఆరేళ్ళ పిల్లాడైతే పరిగెత్తుకొచ్చి అమ్మకి చూపిస్తాడు. పద్నాలుగేళ్ళవాడు గది తలుపు వేసుకుంటాడు. ఒళ్ళు అదే, దెబ్బ అదే. మధ్యలో ఎనిమిదేళ్ళు ఇంట్లో, బళ్ళో, వీధిలో మనం వాడికి నేర్పిన పాఠం ఒక్కటే తేడా. కాబట్టి సిగ్గుని ఆ మనిషి స్వభావం అనేసి చేతులు దులుపుకోలేం. దాన్ని మనమే ఓపిగ్గా పెంచి పెద్దచేశాం.

*

పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్ళలో ఈ చిక్కు ఇంకో మెలిక తిరుగుతుంది. పుంగనూరులో ఆసుపత్రి చీటీ రాసే మనిషి మీ మేనమామతో కలిసి చదువుకుని ఉంటాడు. నర్సమ్మ మీ వీధిలోనే ఉంటుంది. కుప్పం మూడు రాష్ట్రాల మూల. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడతాయి. సిగ్గుకి మాత్రం మూడు భాషల్లోనూ అర్థం ఒకటే. అందుకే ఈ సరిహద్దు ఊళ్ళవాళ్ళు ఇలాంటి జబ్బులకి ముందు తలుచుకునేది బెంగుళూరు. మదనపల్లెనుంచి రోడ్డు మీద మూడు గంటల దారి. కుప్పంనుంచి రైలెక్కితే ఒకవైపు బెంగుళూరు, ఇంకోవైపు కాట్పాడిలో దిగితే వేలూరు. వైద్యం మంచిదని మాత్రమే కాదు, అక్కడ మనల్నెవరూ గుర్తుపట్టరని.

ధమని రకానికి ఆ ప్రయాణం తప్పు కాదు. చిరిగిన ధమనిని లోపలినుంచి మూసే నిపుణులు సాధారణంగా పెద్ద ఊళ్ళలోనే ఉంటారు. కానీ తూము మూసుకుపోయిన రకంలో మొదట కావలసింది సూది, సిరంజి, ఆ పని తెలిసిన చెయ్యి. అది దగ్గర్లోనే దొరికే అవకాశం ఉంది. కుప్పంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రే ఉంది. అయినా ఎవరికీ తెలియకూడదని, సెలవు దొరికేదాకా, డబ్బు చేతికొచ్చేదాకా, ఇంట్లో ఒక అబద్ధం అల్లేదాకా ఆగితే 36 గంటలు ఇట్టే గడిచిపోతాయి. మనిషికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న తలుపే అన్నిటికంటే దూరమవుతుంది.

ఇప్పుడు మన కుర్రాడి పక్కన ఇంకొకణ్ణి నిలబెడదాం. వాడికి వచ్చింది రెండో జబ్బు, నొప్పి ఉన్నది. ఇద్దరూ ఒకే రకమైన భయంతో, ఒకే రకమైన సిగ్గుతో, రెండు రోజులు తలుపేసుకుని కూర్చున్నారు. రెండోవాడు నొప్పి మాత్రలు మింగుతూ పళ్ళు కొరుక్కుని భరించాడు. మూడోరోజు ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. మొదటివాడితో డాక్టరు "ఏం ఫరవాలేదు, నువ్వు ఆగినందువల్ల నష్టమేమీ జరగలేదు" అన్నాడు. రెండోవాడితో ఆ మాట అనలేకపోయాడు.

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్త్వవేత్తలు ఒకే వేదిక మీద ఈ చిక్కుని లేవనెత్తారు. దానికి నైతిక అదృష్టం అని పేరు పెట్టారు. మన చేతిలో లేని దాన్నిబట్టి మనల్ని ఎవరూ తప్పుపట్టకూడదని అందరం ఒప్పుకుంటాం. తీర్పు చెప్పేటప్పుడు మాత్రం మన చేతిలో లేని ఫలితాన్నే చూస్తాం. తాగి బండి నడిపినవాళ్ళు ఇద్దరు. ఒకడికి ఎవరూ అడ్డం రాలేదు, ఇంకొకడికి ఒక పిల్లాడు అడ్డం వచ్చాడు. ఇద్దరూ చేసింది ఒకటే పని. లోకం మాత్రం ఇద్దర్నీ ఒకలా చూడదు.

మన ఇద్దరు కుర్రాళ్ళ విషయంలోనూ అంతే. మొదటివాడి కథ చెబితే "మంచిపని చేశాడు, అనవసరంగా గోల చెయ్యలేదు" అనేవాళ్ళుంటారు. రెండోవాడి కథ చెబితే "ఎంత మూర్ఖుడు, ఒక్క మాట చెప్పలేడా" అంటారు. కానీ మొదటివాడిలో ఓపిక అనేది ఎక్కడుంది? తనకున్నది ఆగదగిన జబ్బని వాడికి తెలియదు. తెలియకుండా ఆగాడు, అది సరైందయింది. కళ్ళు మూసుకుని రోడ్డు దాటి బతికినవాడు జాగ్రత్తపరుడు అవుతాడా?

కాబట్టి ఓపికని ఫలితం తేల్చదు. ఉద్దేశం తేలుస్తుందా అంటే అదీ కష్టమే. దాచుకునేవాడి ఉద్దేశం చాలాసార్లు మంచిదే. అమ్మని కంగారు పెట్టకూడదు, ఇంటి పరువు పోకూడదు, చెల్లెలి పెళ్ళికి అడ్డు రాకూడదు. త్యాగం అని కూడా అనుకుంటాడు. మంచి ఉద్దేశంతోనే మనిషి తన ఒంటిని పోగొట్టుకోవచ్చు.

*

నాకు తోచిన సమాధానానికి ఆధారం మదనపల్లె పక్కనే ఉంది.

ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915 నాటిది. క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన ఆ ఆసుపత్రిని డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ చాలా ఏళ్ళు నడిపించాడు. ఆ రోజుల్లో క్షయ పేరు ఇంట్లో గట్టిగా పలికేవాళ్ళు కాదు. పిల్లనివ్వరు, పిల్లని చేసుకోరు, పక్కన కూర్చోరు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా దానికి పనిచేసే మందు లేదు. మరి అక్కడికి వచ్చినవాళ్ళకి ఏం చేసేవాళ్ళు? చాలావరకు ఆగమనేవాళ్ళు. పొడి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. ఇంట్లో చీకటి గదిలో దగ్గుని దిండుకి అదిమిపెట్టుకుని పడుకున్నవాడూ ఆగుతున్నాడు, ఆరోగ్యవరం వరండాలో మంచం మీద పడుకున్నవాడూ ఆగుతున్నాడు. తేడా ఏమిటి? రెండోవాడి జ్వరం రోజూ ఎవరో చూస్తారు, బరువు తూస్తారు. ఆగడం ఇక చాలు, ఇంకేదైనా చెయ్యాలి అని చెప్పేవాళ్ళు ఒకరున్నారు.

తర్వాత 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. క్షయ రోగుల్లో కొందరిని శానిటోరియంలోనూ, కొందరిని ఇంట్లోనే ఉంచి అవే మందులిచ్చి చూశారు. 1959లో వచ్చిన ఫలితం లోకాన్ని ఆశ్చర్యపరిచింది. పేదవాడి ఇరుకింట్లో ఉన్నవాళ్ళు కూడా దాదాపు అంత బాగానూ కోలుకున్నారు. అంటే అసలు విషయం కొండగాలిలోనూ లేదు, కట్టడంలోనూ లేదు. మందు ఉండాలి. ఇంటికి వచ్చి ఆ మందు వేసుకుంటున్నారా లేదా అని చూసుకునే మనిషి ఉండాలి.

నేను గీసుకున్న గీత ఇది. ఒకరికి చెప్పుకున్నాక ఆగడం ఓపిక. ఎవరికీ చెప్పుకోకుండా ఆగడం దాపరికం. ఓపికకి గడువు ఉంటుంది: నాలుగు వారాలు చూద్దాం, తగ్గకపోతే ఫలానాది చేద్దాం, ఈలోగా నొప్పి మొదలైతే వెంటనే రా. దాపరికానికి గడువు లేదు. ఎప్పుడు ముగియాలో దానికి తెలియదు. జబ్బే దాన్ని ముగించాలి.

*

ఇంతదాకా చెప్పడం వల్ల జబ్బేమిటో తెలుస్తుందన్న ఒక్క లాభమే చూశాం. ధమని రకంలో ఇంకో లాభం ఉంది. నా మటుకు నాకు అదే ముఖ్యం.

నాలుగు వారాలు ఆగినా తగ్గలేదనుకుందాం. అప్పుడు వచ్చేది ఎంబొలైజేషన్. కోత లేదు, కుట్లు లేవు. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో ధమనిలోకి సూదితో దారి చేసి, సన్నటి గొట్టాన్ని లోపలికి పంపుతారు. స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ 1953లో చూపించిన దారే దీనికి మూలం. ఎక్స్-రే తెర మీద చూస్తూ, రంగుమందు ఎక్కించి దారులు గుర్తుపడుతూ, పొత్తికడుపు ధమని కొమ్మల్లోంచి ఆ చిరిగిన చిన్న ధమని దాకా వెళతారు. చివర్లో వాడే గొట్టం మిల్లీమీటరు కంటే సన్నం. అక్కడ చిన్న అడ్డు పెడతారు. 1977లో వేర్ అనే అమెరికన్ వైద్యుడూ ఆయన సహచరులూ రోగి సొంత రక్తపు గడ్డనే అడ్డుగా వాడి ఈ పద్ధతికి దారి వేశారు. ఇప్పుడు రక్తపు గడ్డో, కొన్ని వారాల్లో కరిగిపోయే జెలటిన్ స్పంజో వాడతారు. లేదా ఎప్పటికీ ఉండిపోయే సన్నని లోహపు చుట్టలు, ఒక రకం జిగురు. కరిగేవాటితో రక్తం మళ్ళీ ఆ దారిన పారే అవకాశం ఉంటుంది, కానీ చిరుగు మళ్ళీ తెరుచుకుని పని రెండోసారి చెయ్యాల్సి రావచ్చు. ఉండిపోయేవాటితో మూత గట్టిది, కానీ వెనక్కి తీసుకోలేం. ఏ పద్ధతిలోనైనా తర్వాత స్తంభన బలహీనపడే ముప్పు కొంత ఉంటుంది.

ఇప్పుడు నిర్ణయం ఎవరిది? నొప్పి లేదు. ప్రాణానికి ముప్పు లేదు. చెయ్యకపోతే చచ్చిపోతావని డాక్టరు అనలేడు. అలాంటప్పుడు ఇది అసలు జబ్బేనా కాదా అని చెప్పగలిగింది రోగి ఒక్కడే. వాడు పనికి పోలేకపోతున్నాడా? సైకిల్ ఎక్కలేకపోతున్నాడా? పెళ్ళి చేసుకోవాలని ఉందా, పిల్లలు కావాలని ఉందా? ఇంకో రెండు నెలలు చూడ్డం వాడికి నయమా, ఇవాళే తేలిపోవడం నయమా? రెండోసారి రావడానికి బస్సు చార్జీలు, కూలి డబ్బులు ఉన్నాయా? కరిగే అడ్డా, కరగని అడ్డా అన్న ప్రశ్నకి సగం జవాబు స్కాన్‌లో ఉంటే, మిగతా సగం వాడి బతుకులో ఉంది. పెళ్ళయినవాడైతే ఆ బతుకులో భార్య కూడా ఉంది. ఈ నిర్ణయంలో ఆమె భవిష్యత్తూ ఉంది. ఆమెని గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి సంతకానికి మాత్రం పిలవడం మర్యాద కాదు, అన్యాయం.

రోగి తల వంచుకుని "మీ ఇష్టం సార్" అంటే? డాక్టరు నిర్ణయించేస్తాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఎవరో ఒకరు నిర్ణయించాలి కాబట్టి. సిగ్గు పరువుని కాపాడుతుందనుకుంటాం. ఇక్కడ అది చేసే పని వేరు: మనిషి ఒంటి మీద మనిషికున్న అధికారాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేస్తుంది. ఈ జబ్బులో నోరు విప్పడమంటే తన ఒంటి విషయంలో చివరి మాట తనదని చెప్పుకోవడమే.

*

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. "నా ఒళ్ళు నా ఇష్టం. ఎవరికైనా ఎందుకు చెప్పాలి? చిన్న ఊళ్ళో ఒక మాట బయటికి పోతే ఏమవుతుందో పెద్ద ఊళ్ళో కూర్చుని రాసేవాళ్ళకి ఏం తెలుసు?" అని.

ఇది తీసిపారెయ్యగల అభ్యంతరం కాదు. ఆ కుర్రాడి భయం పిచ్చి భయం కాదు, లెక్క వేసుకున్న భయం. మాట నిజంగానే బయటికి పోతుంది. సంబంధం నిజంగానే తప్పిపోతుంది. అందుకే నేను దాపరికానికి ఎదురుగా బహిరంగాన్ని పెట్టడం లేదు. ఎవరూ తమ జబ్బుని రచ్చబండ మీద చెప్పుకోనక్కర్లేదు. దాపరికానికి ఎదురుగా ఉండేది గోప్యత. ఈ రెంటినీ ఒకటే అనుకుంటాం కానీ, దాపరికంలో ఒక్కడే ఉంటాడు, గోప్యతకి ఇద్దరు కావాలి: చెప్పేవాడు, విని దాచేవాడు. దాపరికం బరువంతా రోగి మీదే ఉంటుంది. గోప్యతలో బరువు వినేవాడి మీదికి మారుతుంది.

అలా మారినప్పుడు ప్రశ్న కూడా మారుతుంది. "వాడెందుకు చెప్పలేదు?" అన్నది పోయి, "వాడు చెప్పగలిగేలా మనం ఏం చేశాం?" అన్నది వస్తుంది. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి రోగి రహస్యాన్ని కాపాడటం వైద్యుడి ధర్మమని చెబుతుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఓపీ గదిలో డాక్టరు బల్ల చుట్టూ ఎనిమిదిమంది చీటీలు పట్టుకుని నిలబడి ఉంటారు, పరదా సగమే మూసి ఉంటుంది, కాంపౌండరు గుమ్మంలోనుంచే "ఏందప్పా నీ సమస్య?" అని కేకేస్తాడు. అక్కడ ఏ నియమావళీ పనిచెయ్యదు. అలాంటి గదిలో నోరు విప్పనివాణ్ణి పిరికివాడనే హక్కు మనకి లేదు. అక్కడ మౌనంగా ఉండటం తెలివైన పనే. తెలివైనవాడు కూడా నష్టపోయేలా గదిని అమర్చినందుకు బాధ్యత ఎవరిదన్నదే ప్రశ్న.

గదిని మార్చడం పెద్ద ఖర్చు కాదు. పూర్తిగా మూసుకునే పరదా ఒకటి. చీటీ మీద జబ్బు పేరు రాయమని పట్టుబట్టకపోవడం. మందుల షాపులో "అన్నా, ఒక మాట" అన్నవాడికి, వెనక మనుషులున్నారని గమనించి "ఇట్లా రా తమ్ముడూ" అని పక్కకి పిలిచే ఇంగితం. బళ్ళో శరీరశాస్త్రం చెప్పే అయ్యవారు ఆ ఒక్క పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటెయ్యకుండా, నవ్వినవాళ్ళని నవ్వనిచ్చి, మామూలు గొంతుతో చెప్పడం. మాట లేనిచోట మాట తయారయ్యేది ఇలాగే. సంస్కృతమూ బూతూ కాని మూడో మాట ఏ నిఘంటువూ ఇవ్వదు. మామూలు గొంతుతో పదిమంది వాడితే అది పుడుతుంది.

ఇంకొకటి, అన్నిటికంటే చిన్నది. అలాంటి మనిషి ఎదురుగా వచ్చి తల వంచుకుని కూర్చున్నప్పుడు మన నోట్లోంచి మొదట వచ్చే ప్రశ్న. "ఏం చేశావు?" అని అడగచ్చు. "ఎప్పుడు మొదలైంది? నొప్పి ఉందా?" అని అడగచ్చు. మొదటిది నేరస్థుణ్ణి అడిగే ప్రశ్న. దానికి అబద్ధం చెప్పేవాళ్ళే ఎక్కువ. రెండోదానికి ఎవరైనా నిజం చెప్పగలరు. రెండు రకాల జబ్బుల్లో ఏదో తేల్చడానికి వైద్యుడికి ముందు కావలసిందీ అదే.